నగరం–వాడ (7): ఆగిపోయిన రాజధానిలో మనకు ఆగిందేమిటి?



పోయిన భాగం చదివి ఒక పీజీ విద్యార్థి ఇన్‌బాక్సులో ఇలా అడిగాడు: "అన్నా, అమరావతి ఆగిపోయింది, రైతులు నష్టపోయారు అని ఐదేళ్లు టీవీల్లో విన్నాం. ఇప్పుడు మళ్లీ మొదలైంది, అందరికీ మంచి రోజులంటున్నారు. ఆగినప్పుడు మనవాళ్లకి ఏం ఆగింది? మొదలైతే మనవాళ్లకి ఏం మొదలవుతుంది?"

కామెంటుగా నాలుగు ముక్కలు రాద్దామని కూర్చున్నా. అది ఈ భాగం అయింది.

ముందే ఒక మాట. ఇది చదివి కొందరు నన్ను ఆ పార్టీ మనిషిని అంటారు, కొందరు ఈ పార్టీ మనిషిని అంటారు. రెండూ నాకు అలవాటే. చివరిదాకా చదివి అప్పుడు తిట్టండి.

ఈ కథను నాలుగు అంకెలతో గుర్తుపెట్టుకోవచ్చు. 1000. 800. 48. 2,500. మొదటి మూడూ చదరపు గజాలు. నాలుగోది రూపాయలు. ఒకే నగరంలో నాలుగు రకాల మనుషులకు నాలుగు రకాల కొలతలు. ఏ అంకె పక్కన ఏ కులం ఎక్కువగా నిలబడిందో చూస్తే తమ్ముడి ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. దానికి ముందు అసలు 'ఎసైన్డ్' అనే మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలి. అక్కడి నుంచి మొదలుపెడదాం.

డీకేటీ కాగితం

మాది రాజధాని ఊరు కాదు, పల్నాడు వైపు మెట్ట ఊరు. మా తాతకు ఎకరం డీకేటీ పట్టా ఉండేది. ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి ట్రంకు పెట్టెలో అడుగున దాచేవాడు. ఇల్లు కారితే ముందు ఆ పెట్టెనే జరిపేవాళ్లం. కానీ అదే కాగితం పట్టుకుని అప్పు కోసం వెళితే, "డీకేటీయా?" అని అటూ ఇటూ తిప్పి వెనక్కి ఇచ్చేవాళ్లు. మాకది ప్రాణం. ఊళ్లో పెద్ద రైతుల లెక్కలో మాత్రం అది సగం భూమి.

ఈ సగం భూమికి నూటముప్పై ఏళ్ల చరిత్ర ఉంది. 1891లో చెంగల్పట్టు కలెక్టర్ ట్రెమెన్‌హీర్ తన జిల్లాలో పరయా కులస్థుల బతుకు మీద మద్రాసు ప్రభుత్వానికి ఒక నివేదిక ఇచ్చాడు. భూమి లేకపోవడమే వాళ్లను కట్టుబానిసలుగా ఉంచుతోందని అందులో తేల్చి రాశాడు. దాని ఫలితంగా 1892లో బంజరు భూములు అంటరాని కులాలకు ఇవ్వొచ్చని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. తమిళనాడులో ఇప్పటికీ 'పంచమి భూములు' అని పోరాడుతున్నది వాటికోసమే. అప్పుడు గుంటూరు, కృష్ణా కూడా ఆ ప్రెసిడెన్సీలోవే. 1920ల నుంచి లేబర్ కమిషనర్ ఆధ్వర్యంలో తెలుగు జిల్లాల్లోనూ మనవాళ్లకు కొంత భూమి, ఇళ్ల స్థలాలు వచ్చాయి. దరఖాస్తు పెట్టుకుంటే ఇచ్చే భూమి కాబట్టి దరఖాస్తు పట్టా. అదే నోళ్లలో డీకేటీ అయింది.

ఇచ్చినంత వేగంగానే ఆ భూమి చేజారింది. పెళ్లికో, జబ్బుకో, కరువుకో అప్పు చేస్తే షావుకారు పట్టా కాగితాన్నే కుదువ పెట్టించుకునేవాడు. అందుకే 1954 తర్వాత కోస్తా జిల్లాల్లో ఇచ్చిన పట్టాల్లో అమ్మకూడదనే షరతు పెట్టారు. షరతుతోనూ ఆగకపోయేసరికి 1977లో ఏకంగా చట్టమే వచ్చింది. అదే ఆంధ్రప్రదేశ్ ఎసైన్డ్ భూముల (బదిలీ నిషేధ) చట్టం. భూమిలేని పేదలకు ప్రభుత్వం ఇచ్చిన భూమిని ఎవరైనా కొంటే ఆ కొనుగోలు చెల్లదు. కొన్నవాడిని ఖాళీ చేయించి, భూమిని అసలు మనిషికి తిరిగి ఇవ్వాలి. చట్టం రాకముందు జరిగిన బదిలీలకూ ఇది వర్తిస్తుంది. కాగితం మీద చాలా గట్టి రక్షణ అది.

అంటే 1977లో 'ఎసైన్డ్' అన్న మాటకు అర్థం 'దీన్ని పేదవాడి దగ్గర్నుంచి ఎవరూ లాక్కోలేరు' అని. ఈ అర్థాన్ని గుర్తుపెట్టుకోండి. నలభై ఏళ్లలో అది ఎలా తిరగబడిందో చూడబోతున్నాం.

2004: ఏడుగురు జడ్జీలు చెప్పింది

ప్రైవేటు మనిషి లాక్కుంటే చట్టం అడ్డం వస్తుంది. మరి ప్రభుత్వమే తీసుకుంటే? డీకేటీ పట్టాలో ఇంకో షరతు ఉండేది. ప్రజా ప్రయోజనానికి అవసరమైతే ప్రభుత్వం భూమిని వెనక్కి తీసుకోవచ్చు, భూమికి పరిహారం అడగకూడదు అని. హైదరాబాద్ చుట్టూ నగరం పెరిగే కొద్దీ ఈ షరతు అధికారులకు బాగా పనికొచ్చింది. రోడ్డుకో, కంపెనీకో, కాలనీకో భూమి కావాలంటే ముందు వెతికేది ఎసైన్డ్ భూమినే. అది చవక.

ఈ పద్ధతిని ప్రశ్నించిన కేసు చేవెళ్ల డివిజన్ నుంచి వచ్చింది. మేకల పాండు కేసు అంటారు. లా చదివే మిత్రులు ఈ తీర్పును తప్పకుండా చదవాలి. 2004లో మన హైకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది ఏమిటంటే, ప్రభుత్వం ప్రజా ప్రయోజనం కోసం ఎసైన్డ్ భూమిని తీసుకుంటే ఆ పేదవాడికి పట్టా రైతుతో సమానంగా మార్కెట్ ధర కట్టివ్వాలి. పరిహారం అడగకూడదన్న షరతు రాజ్యాంగం ముందు నిలబడదు.

అదే ఏడాది చివర్లో కోనేరు రంగారావు నాయకత్వంలో భూమి కమిటీ వేశారు. 2006లో ఇచ్చిన ఆ నివేదికలో నూటికి పైగా సిఫార్సులున్నాయి. ఎసైన్డ్ భూములు ఎలా అన్యాక్రాంతం అవుతున్నాయో, ఏం చేయాలో అందులో వివరంగా ఉంది.

అంటే రాష్ట్రం విడిపోయే నాటికే చట్టం ఉంది, తీర్పు ఉంది, కమిటీ నివేదిక కూడా ఉంది. 'తెలియక చేశాం' అనడానికి ఎవరికీ దారి లేదు.

2014–15: కొలతల పట్టిక

2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయింది. కొత్త రాజధానిపై కేంద్రం వేసిన శివరామకృష్ణన్ కమిటీ ఆగస్టులో నివేదిక ఇచ్చింది. విజయవాడ–గుంటూరు మధ్య సారవంతమైన పంట భూముల్లో ఒకే మహానగరం కట్టడం మంచిది కాదని హెచ్చరించింది. నెల తిరక్కముందే ప్రభుత్వం అటువైపే మొగ్గింది. డిసెంబరులో సీఆర్‌డీఏ చట్టం వచ్చింది. 2015 జనవరి నుంచి తుళ్లూరు, మంగళగిరి, తాడేపల్లి మండలాల్లోని 29 గ్రామాల్లో భూసమీకరణ మొదలైంది. అందరూ పూలింగ్ అన్నారు. సుమారు 34 వేల ఎకరాలు పూలింగ్‌లోకి వచ్చాయి. రైతులు 9.3 ఫారం మీద సంతకం పెట్టి భూమి ఇచ్చారు. ఉండవల్లి, పెనుమాకల్లో చాలామంది ఎదురుతిరిగారు.

ఇక్కడ ఆగి ఒక ప్రశ్న వేసుకోవాలి. భూసేకరణ ఎందుకు చేయలేదు, పూలింగే ఎందుకు చేశారు?

2013 భూసేకరణ చట్టం ప్రకారం వెళితే ముందు సామాజిక ప్రభావ అంచనా చేయాలి. బహుళ పంటలు పండే భూమిని తీసుకోవడానికి పరిమితులున్నాయి. అన్నిటికన్నా మనకు ముఖ్యమైంది ఇంకోటి. 'బాధిత కుటుంబం' ఎవరు అన్నచోట ఆ చట్టం భూమి యజమానితో ఆగలేదు. మూడేళ్లుగా ఆ భూమి మీద బతుకుతున్న వ్యవసాయ కూలీని, కౌలుదారును కూడా బాధిత కుటుంబం అంది. ప్రభుత్వం భూమి ఎసైన్ చేసిన కుటుంబాన్నీ అందులో చేర్చింది. భూమి లేని మనిషికి కూడా పోయేది ఉంటుందని ఒప్పుకోవడానికి ఈ దేశంలో చట్టానికి 1894 నుంచి 2013 దాకా పట్టింది.

పూలింగ్ ఆ దారి పక్కన వేసిన బైపాస్ రోడ్డు. భూమి ఇచ్చేవాడికీ ప్రభుత్వానికీ మధ్య ఒప్పందం అది. యజమాని ఎకరం ఇస్తాడు, నగరం కట్టాక అందులో కొంత అభివృద్ధి చేసిన ప్లాటుగా తిరిగొస్తుంది. ఈలోగా పదేళ్లు ఏటా కౌలు డబ్బు ఇస్తామన్నారు. మెట్ట ఎకరానికి 30 వేలు, జరీబుకు 50 వేలు, ఏటేటా కొంత పెంపు. ఒప్పందంలో రెండు పక్షాలే. పొలంలో పనిచేసే మనిషి మూడో పక్షం. ఆమె సంతకం ఎవరికీ అక్కర్లేదు.

ఇప్పుడు పట్టిక చూడండి. పట్టా భూమి ఎకరం ఇస్తే నివాస స్థలం 1000 గజాలు. దాని మీద వాణిజ్య స్థలం అదనం, జరీబు భూమికైతే అది 450 గజాల దాకా వెళ్లింది. ఎసైన్డ్ భూమి ఎకరం ఇస్తే నివాస స్థలం 800 గజాలు. వాణిజ్య స్థలంలోనూ కోతే.

అదే ఏరు, అదే మట్టి, గట్టు మాత్రమే అడ్డం. గట్టుకు ఇటు పక్క ఎకరం ఎకరమే, అటు పక్క ఎకరం ముప్పావు. 2004లో ఏడుగురు జడ్జీలు సమానం అని చెప్పిన దాన్ని 2015లో ఒక పట్టిక అసమానం చేసింది. పూలింగ్ స్వచ్ఛందం కాబట్టి ఇది పరిహారం కిందికి రాదని వాదించొచ్చు. కానీ వాదన పక్కన పెట్టి ఆలోచించండి. ఎసైన్డ్ పట్టా మనకు ఎందుకిచ్చారు? తరతరాలుగా మనకు భూమి లేకుండా చేసినందుకు. అదే కారణం ఇప్పుడు రెండొందల గజాలు కోసేయడానికి పనికొచ్చింది.

అసలు దెబ్బ ఇంకో చోట తగిలింది. ఎసైన్డ్ భూమికి ఏమిస్తారో పూర్తిగా తేలేలోపు, ప్రభుత్వం ఊరికే లాగేసుకుంటుంది, ఒక్క గజం కూడా రాదు, ఇప్పుడే వచ్చిన కాడికి అమ్ముకోండి అనే ప్రచారం వాడల్లో తిరిగింది. చాలామంది తక్కువ రేటుకు తెల్ల కాగితాల మీద, నోటి మాటల మీద వదులుకున్నారన్నది ఆనాటి నుంచీ వినిపిస్తున్న ఆరోపణ. ఆ తర్వాత 2016 ఫిబ్రవరిలో జీవో 41 వచ్చింది. ఎసైన్డ్ భూములను రకరకాల తరగతులుగా విడగొట్టి, ఒక్కో తరగతికి ఇన్ని గజాలని కట్టింది. లంక భూములు, శివాయి జమా సాగు భూములు అన్నీ అందులో మెట్లు మెట్లుగా కిందికి దిగాయి. ఈ కొనుగోళ్ల మీద 2021లో సీఐడీ కేసు కూడా పెట్టింది. తప్పెవరిదో కోర్టులు చూసుకుంటాయి. నా మాట ఒక్కటే. 1977 చట్టం ఉన్న రాష్ట్రంలో ఎసైన్డ్ భూమి అమ్మకాలు ఇంత పెద్ద రాజకీయ వివాదం అయ్యే స్థితి రావడమే ఆ చట్టం ఓడిపోయిందనడానికి గుర్తు. పేదవాడికి గొడుగుగా పట్టిన మాటే చివరికి పేదవాడిని భయపెట్టే మాట అయింది.

2,500 రూపాయలు

ఇక నాలుగో అంకె. భూమి లేని కుటుంబానికి మొదట పెట్టింది నెలకు 2,500 రూపాయల పింఛను, పదేళ్ల పాటు. రోజుకు లెక్కేస్తే 83 రూపాయలు.

ఈ ఊళ్లలో ఏం పండేదో తెలిసినవాళ్లకు ఈ 83 రూపాయల అర్థం తెలుస్తుంది. ఏటి ఒడ్డున జరీబు భూముల్లో అరటి, కూరగాయలు, పూలు. పైన మెట్టలో పత్తి. ఏడాదిలో ఏదో ఒక పొలంలో ఏదో ఒక పని. తెల్లారకముందే మల్లె మొగ్గలు కోసే పని, కలుపు, పత్తి తీత, అరటి గెలల మోత. వీటిలో ఎక్కువ భాగం ఆడవాళ్ల పనులు. అందులోనూ ఎక్కువ మన వాడల ఆడవాళ్లవి. భూమి పూలింగ్‌లోకి పోయిన రోజే ఆ పని పోయింది. యజమానికి కౌలు డబ్బు వచ్చేది ఆ పొలం ఖాళీగా ఉన్నందుకే. అదే ఖాళీ కూలీ మనిషికి పని లేకుండా చేసింది.

ఇది గమనించండి మిత్రులారా. అమరావతి 2019లో ఆగిపోయిందని అందరూ అంటారు. కూలీ మనిషికి 2015లోనే ఆగింది. నగరం ఇంకా మొదలే కాలేదు, ఆమె పొలం అప్పటికే అయిపోయింది.

2015 అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో ప్రధాని చేతుల మీదుగా శంకుస్థాపన జరిగింది. ఊరూరి నుంచి మట్టి, నీళ్లు తెప్పించారు. ఢిల్లీ నుంచి పార్లమెంటు మట్టి, యమున నీళ్లు వచ్చాయి. ఆ ఊళ్లో వాడ ఉంది, లంక భూములు సాగుచేసుకునే దళిత రైతులున్నారు. అన్ని మట్టులూ కలిపిన ఆ రోజున లంక మట్టిలో మనవాళ్ల హక్కు ఎంత అన్న లెక్క మాత్రం తేలలేదు.

ఆగిన ఐదేళ్లు

2019లో ప్రభుత్వం మారింది. జూలైలో ప్రపంచ బ్యాంకు 30 కోట్ల డాలర్ల అప్పు ప్రతిపాదన నుంచి తప్పుకుంది. నవంబరులో సింగపూర్ కంపెనీల కూటమితో స్టార్టప్ ఏరియా ఒప్పందం ముగిసింది. డిసెంబరు 17న అసెంబ్లీలో మూడు రాజధానుల మాట వచ్చింది. మరునాటి నుంచి ఊళ్లలో దీక్షలు మొదలయ్యాయి.

అదే డిసెంబరులో ఇంకో నిర్ణయం కూడా జరిగింది. ఎసైన్డ్ భూములు కొన్నవాళ్లకు కాకుండా అసలు హక్కుదారులకే ప్లాట్లు ఇవ్వాలని మంత్రివర్గం తీర్మానించింది. వినడానికి మనం ఎన్నాళ్లగానో అడుగుతున్న మాటే. కానీ ప్లాటు ఎక్కడుంది? రోడ్డు లేదు, డ్రైనేజీ లేదు, కరెంటు స్తంభం లేదు. వేల ఎకరాల్లో కంప పెరిగింది. హక్కు వచ్చిన నెలలోనే ఆ హక్కుకు విలువనిచ్చే నగరం ఆగింది. మొదటి ప్రభుత్వం నగరం చూపించి మన వాటా కోసింది. రెండో ప్రభుత్వం మన వాటా ఒప్పుకుని నగరమే ఆపేసింది.

ఈ ఐదేళ్లలో దళితుల్ని రెండు పక్షాలూ ముందు వరసలో నిలబెట్టాయి. 2020 అక్టోబరులో కృష్ణాయపాలెం రైతుల చేతులకు బేడీలు వేసి జైలుకు తరలించిన ఫొటోలు మీరంతా చూసే ఉంటారు. వాళ్లలో దళితులు, వెనుకబడిన కులాల వాళ్లు ఉన్నారు. పెట్టిన కేసు ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద. కారంచేడు నెత్తుటి మీద నిలబడిన పోరాటాల్లోంచి మనకు దక్కిన చట్టం అది. దాన్ని ఒక రాజధాని గొడవలో దళిత రైతుల మీదికే తిప్పారు. బేడీలు వేసిన పోలీసుల మీద తర్వాత చర్యలు తీసుకున్నారు. కానీ ఆ బొమ్మ చెరిగిపోదు.

రెండో వైపుకు వద్దాం. ఇక్కడే మూడో అంకె వస్తుంది, 48. సీఆర్‌డీఏ చట్టంలోనే సమీకరించిన భూమిలో కనీసం 5 శాతం పేదల ఇళ్లకు కేటాయించాలని ఉంది. 2023లో ఆర్‌–5 జోన్ పేరుతో సుమారు 1,400 ఎకరాల్లో బయటి ప్రాంతాల పేదలు దాదాపు 50 వేల మందికి తలా ఒక సెంటు పట్టాలిచ్చారు. సెంటు అంటే 48 గజాలు. ఎకరం ఇచ్చిన పట్టా రైతుకు 1000 గజాలు తిరిగొచ్చే నగరంలో పేదవాడి ఇల్లు, వంట, స్నానం, పిల్లల చదువు, అత్తమామల మంచం అన్నీ 48 గజాల్లో.

ఆ 48 గజాలకు కూడా ఎంత గొడవ! పేదలు వస్తే జనాభా సమతుల్యం దెబ్బతింటుందన్న మాట ఈ రాష్ట్రంలో బహిరంగ చర్చలోకి వచ్చింది. ఆ మాట పిటిషన్లలోనే ఉందని అప్పటి ప్రభుత్వం ఊరూరా చెప్పింది, అవతలివాళ్లు కాదన్నారు. మాస్టర్ ప్లాన్ మార్చకూడదు, భూమి ఇచ్చినవాళ్ల ఒప్పందం ముఖ్యం అన్న వాదనల్లో న్యాయం ఉండొచ్చు. కానీ వాడను ఊరికి దక్షిణాన ఎందుకు పెట్టారో తెలిసిన మనకు 'సమతుల్యం' అనే మాట కొత్త కాదు. ఆ ఏడాది ఆగస్టులో హైకోర్టు ఇళ్ల నిర్మాణాన్ని ఆపింది. కట్టని నగరంలో ఇవ్వని ఇంటికి పట్టా పట్టుకుని 50 వేల కుటుంబాలు మిగిలాయి. నిజంగా ఇల్లివ్వాలనే ఇచ్చారా, అవతలివాళ్ల ఉద్యమానికి అడ్డం నిలబెట్టడానికి ఇచ్చారా అన్న ప్రశ్న కూడా మనం అడగాలి. అడగకపోతే మనం జనం కాము, ఇంకొకరి చేతిలో జనాభా లెక్క అవుతాం.

విగ్రహాల సంగతీ చెప్పాలి. 2017 ఏప్రిల్ 14న రాజధానిలో 125 అడుగుల అంబేద్కర్ విగ్రహానికి, స్మృతివనానికి శంకుస్థాపన చేశారు. అది ఆగింది. 2024 జనవరి 19న విజయవాడ స్వరాజ్ మైదానంలో 125 అడుగుల విగ్రహం లేచింది. విగ్రహం మనకు గౌరవమే, నేనూ వెళ్లి దండం పెట్టుకుని వచ్చాను. అయితే ఎవరి విగ్రహం పెద్దదని ఇద్దరూ పోటీ పడుతున్నప్పుడు, ఆయన పిల్లల ప్లాటు ఎందుకు చిన్నదని అడిగినవాళ్లు తక్కువ.

ఎవరికి గడువు పెట్టారు

2022 మార్చి 3న హైకోర్టు ఇచ్చిన తీర్పు ఈ కథలో పెద్ద మలుపు. భూములిచ్చినవాళ్లకు మూడు నెలల్లో అభివృద్ధి చేసిన ప్లాట్లు ఇవ్వాలి, ఆరు నెలల్లో రాజధాని పనులు చేయాలి అంది. నవంబరులో సుప్రీంకోర్టు ఈ గడువులపై స్టే ఇచ్చింది. ఆ తీర్పు ఎందుకు సాధ్యమైంది? యజమాని దగ్గర ఒప్పంద పత్రం ఉంది. ప్రభుత్వం మాట తప్పిందని ఆ పత్రం చూపించి కోర్టుకెళ్లగలిగాడు. ఎసైన్డ్ రైతు కూడా కోతతో అయినా ఆ పత్రం పట్టుకోగలిగాడు.

కూలీ మనిషి ఏ పత్రం చూపించాలి? మల్లెతోటలో పోయిన పనిదినాలను ఎవరు ఏ రిజిస్టరులో రాశారు? కౌలుదారుకు నోటి కౌలే తప్ప కాగితం ఎక్కడిది? ఒక ప్రాజెక్టు ఆగితే ఆశ ఉన్నవాళ్లకు ఎదురుచూపు మిగులుతుంది, ఆ ఎదురుచూపుకు ఏటా కౌలు డబ్బు కూడా వస్తుంది. ఆశే రాసివ్వని వాళ్లకు ఎదురుచూడటానికి కూడా ఏమీ ఉండదు. వాళ్లు ఆటో ఎక్కి విజయవాడ, మంగళగిరి అడ్డాల మీదికి పోతారు. అక్కడ వాళ్లు అమరావతి బాధితులు కారు, మామూలు అడ్డా కూలీలు.

తమ్ముడూ, నీ మొదటి ప్రశ్నకు ఇదే జవాబు. ఆగింది మనకు కూడా. కానీ మనకు ఆగింది ఏ లెక్కలోనూ లేదు.

ఇప్పుడు

2024లో మళ్లీ ప్రభుత్వం మారింది. కంప కొట్టించారు. డిసెంబరులో ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు చెరి దాదాపు 80 కోట్ల డాలర్ల అప్పు మంజూరు చేశాయి. 2025 మే 2న ప్రధాని వచ్చి పనులు మళ్లీ మొదలుపెట్టారు. రెండో విడత పూలింగ్ మాట కూడా వచ్చింది.

తెలంగాణ మిత్రులు ఇది ఆంధ్రా గొడవ అనుకోవద్దు. ముచ్చర్ల ఫార్మా సిటీ కోసం యాచారం, కందుకూరు మండలాల్లో భూములు తీసుకున్నప్పుడూ పట్టాకు ఒక ధర, ఎసైన్డ్‌కు తక్కువ ధర. చేవెళ్ల డివిజన్ పక్కనే, మేకల పాండు తీర్పు వచ్చిన జిల్లాలోనే. ఆ ప్రాజెక్టు కూడా ఏళ్ల తరబడి నానింది, ప్రభుత్వం మారాక ఫ్యూచర్ సిటీ అని పేరు మారింది. పేరు మారింది గానీ ధరలో తేడా చేసిన అన్యాయం వెనక్కి పోలేదు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. మనం నగరానికి వ్యతిరేకం కాదు. ఊరంటే కులానికి కోట అని, అక్కడినుంచి బయటపడమని బాబాసాహెబ్ చెప్పారు. ఆయన కూడా బొంబాయి పరేల్‌లో కార్మికుల చాల్‌లో ఒక్క గదిలో ఏళ్ల తరబడి బతికిన మనిషి. మన పిల్లలకు నగరం కావాలి. ఇంటిపేరు అడగని వీధి కావాలి. ఆ వీధిని వేసే రోజునే మన వాటా తగ్గించి గీస్తే, ఊళ్లో ఉన్న వాడే మాస్టర్ ప్లాన్‌లోకి వస్తుంది. ఇదివరకు దిక్కును బట్టి తెలిసేది, ఇకమీదట గజాలను బట్టి తెలుస్తుంది.

అందుకే విద్యార్థి మిత్రులకు, కార్యకర్తలకు నాలుగు పనులు చెబుతున్నా.

ఒకటి. మీ ప్రాంతంలో పూలింగ్ అన్నా, కారిడార్ అన్నా, రివర్ ఫ్రంట్ అన్నా ముందు జీవో తెచ్చుకోండి. ఉపన్యాసాలు కాదు, పట్టిక చదవండి. పట్టాకు ఎంత, ఎసైన్డ్‌కు ఎంత, సాగులో ఉండి కాగితం లేనివాళ్లకు ఎంత, ఏమీ లేనివాళ్లకు ఎంత. ఈ నాలుగు అంకెలు కాగితం మీద రాసి వాడలో గోడకు అంటించండి.

రెండు. ఎసైన్డ్ పట్టాల జాబితా ప్రభుత్వం తీయకముందే మనం తీయాలి. పేరు, సర్వే నంబరు, ఇచ్చిన సంవత్సరం. 2023లో ఎసైన్డ్ చట్టాన్ని సవరించి ఇరవై ఏళ్లు దాటిన భూములకు అమ్ముకునే హక్కు కూడా ఇచ్చారు. అది మంచిదా చెడ్డదా అని మనలోనే రెండు అభిప్రాయాలున్నాయి. ఏదైనా సరే, భూమి ఎవరి పేరున ఉందో మనకే తెలియకపోతే హక్కు వచ్చినా కొనేవాడికే వస్తుంది.

మూడు. కూలీల, కౌలుదారుల లెక్క. 2013 చట్టం వాళ్లను బాధిత కుటుంబం అంది. పూలింగ్ అయినా అదే నిర్వచనం వర్తింపజేయాలని అడగాలి. అడగాలంటే ఏ ఇంటి నుంచి ఎవరు, ఏ పనికి, ఏడాదిలో ఎన్ని రోజులు పోయేవారో రాసిపెట్టి ఉండాలి. ఈ పనికి డిగ్రీ చదివే పిల్లలు పదిమంది, నాలుగు ఆదివారాలు చాలు.

నాలుగు. 5 శాతం. పేదల ఇళ్ల కోసం చట్టంలో రాసిన ఆ భూమి మ్యాపులో ఎక్కడుందో చూపించమని అడగండి. చివరి మూల చూపిస్తే ఒప్పుకోవద్దు. బస్సు వెళ్లే రోడ్డు పక్కన, బడి పక్కన, పని దొరికే చోట కావాలి.

మా తాత ఎకరం ఏమైందని అడుగుతారేమో. అది ఇంకా మా పేరునే ఉంది. మా ఊరివైపు ఏ నగరమూ రాలేదు కాబట్టి ఉంది. ఏదో ఒక రోజు వస్తుంది. ఆ రోజు నేను ట్రంకు పెట్టె తీసేసరికి, ఆ కాగితం విలువ ఎంతో ముందే ఎవరో పట్టికలో రాసేసి ఉండకూడదు. ఇదంతా రాసింది అందుకే.

వచ్చే భాగంలో వీధి గురించి. 2014 వీధి వ్యాపారుల చట్టం బండిమీద పండ్లు అమ్ముకునే మనిషికి ఇచ్చిన హక్కేమిటి, రోడ్డు వెడల్పు చేసేటప్పుడు ఆ హక్కు ఎటు పోతుంది. మీ ఊళ్లో బండ్లు తీసేసిన అనుభవాలుంటే కామెంటులో రాయండి, పేర్లు లేకుండా వాడుకుంటాను.

జై భీమ్.